లెన్సుకు అడ్డం పెట్టిన చెయ్యి

ప్రొజెక్టర్ పని నేర్పమని ఇక్కడ మలాయ్ దేశంలో, ఇపో ఊళ్ళో, ముగ్గురు పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. ముగ్గురూ చదువుకున్నవాళ్ళే. లాప్‌టాప్ సంగతులు నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. ఏ తీగ ఎక్కడ గుచ్చాలో నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది. నోటితో చెబితే ముసలాడి కబుర్లని నవ్వేసి మర్చిపోతారని కాగితం మీద పెడుతున్నాను. వాళ్ళకి తెలుగు చదవడం రాదు. మా చెల్లెలి కూతురు చదివితే, దాని కూతురు రేవతి విని, వాళ్ళకి ఇంగ్లీషులో చెబుతుందట. మూడు గిన్నెలు మారినా అడుగున కొంతైనా మిగలకపోదు.

నా పేరు అప్పన్న. నలభై ఏళ్ళకు పైగా సినిమా ఆపరేటర్‌గా పని చేశాను. మొదట రబ్బరు తోటల ఎస్టేట్లు తిరిగే వ్యానులో, తర్వాత ఇపోలో ఒక పాత థియేటర్లో, అది మూతపడ్డాక ఒక మాల్లో. మాల్లో చేసింది ఉద్యోగమే గాని పని కాదు. మిషనే అన్నీ చేసుకునేది, నేను పక్కన కూర్చుని టీ తాగేవాణ్ణి. దాని గురించి ఇంతకంటే రాయను.

ఎస్టేట్లలో

వ్యాను సన్యాసయ్య గారిది. మా నాన్నకి వరసకి బావ, నాకు మావయ్య. పెరాక్‌లోనూ సెలంగోర్‌లోనూ మనవాళ్ళూ తమిళులూ ఉన్న ఎస్టేట్లకి నెలకోసారి వెళ్ళేవాళ్ళం. పాడంగ్‌లో, అంటే ఎస్టేట్ ఆటస్థలంలో, రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టేవాళ్ళం. జనం చాపలు, పీటలు, నిద్రపోయే పసివాళ్ళు, వేయించిన శనగలు తెచ్చుకుని రెండు వైపులా కూర్చునేవారు. తెర వెనక కూర్చున్నవాళ్ళకి కథానాయకుడు ఎడమచేత్తో అన్నం తినేవాడు. ఎవరూ పట్టించుకునేవారు కాదు.

సన్యాసయ్య మావయ్య నాకు రీలు ఎక్కించడం కంటే ముందు నేర్పింది ఒకటుంది. చెయ్యి అడ్డం పెట్టడం. ఎస్టేట్ ఆఫీసులో లెక్కలు రాసే గుమాస్తాని అక్కడ కిరాణి అంటారు. ఆ కిరాణి మిషను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తెర మీద ఆడా మగా మరీ దగ్గరగా వచ్చేసరికి నా భుజం తట్టేవాడు. వెంటనే నేను లెన్సు ముందు అరచెయ్యి పెట్టాలి. అయిదు వేళ్ళూ కలిపి పెట్టాలి, సందుల్లోంచి వెలుతురు కారకూడదు. లెన్సుకి తగలకూడదు. మాట, పాట అలాగే నడుస్తూ ఉండాలి. కుర్రకారు ఈలలు వేసేవారు, పెద్దవాళ్ళు దగ్గేవారు, నేను మనసులో పది లెక్కపెట్టి చెయ్యి తీసేవాణ్ణి.

రెండేళ్ళయ్యేసరికి కిరాణి తట్టక్కర్లేకపోయింది. ఏ సినిమాలో ఎక్కడ చెయ్యి లేవాలో నా చేతికే తెలిసిపోయింది. తర్వాత ఇపోలో మన తెలుగువాళ్ళ సంఘం పండగలకి సినిమా వేసినప్పుడు కూడా నన్నే పిలిచేవారు. అప్పన్న ఉంటే ఆడపిల్లల్ని ధైర్యంగా తీసుకెళ్ళొచ్చు అనేవారు పెద్దలు. దాన్ని నేను యోగ్యతాపత్రంలా మోశాను. నిజం చెబితే ఇన్నేళ్ళ పనిలో నాకు దక్కిన పెద్ద పొగడ్త అదే, అందుకే దాని మీద నాకు అనుమానం రావడానికి ముసలితనం దాకా పట్టింది.

లియోంగ్ గారి నియమం

థియేటర్లో మేనేజరు లియోంగ్ అని చైనా ఆయన. కోపం వస్తే అరవడు, మరీ మెల్లగా మాట్లాడతాడు. అది ఇంకా భయం. ఆయనకి ఒకే నియమం ఉండేది. కొత్త సినిమా వస్తే జనానికి వేసే ముందు ఖాళీ హాల్లో మొత్తం వేసుకుని చూడాలి. పెట్టె మీద ఏం రాసి ఉన్నా నమ్మకూడదు.

ఒక్కసారి నేను నమ్మాను. జలుబు చేసి, ఒళ్ళు బరువుగా ఉండి, చూడకుండానే వేసేశాను. డబ్బాల మీద అంకెలు తారుమారయ్యాయి. కథానాయకుడు చచ్చిపోయాడు, అందరూ ఏడ్చారు, తర్వాతి రీల్లో పూలతోటలో పాట పాడుతూ వచ్చాడు. ఒక ముసలావిడ బయటికి వెళ్తూ నా కిటికీ కింద ఆగి, బతికించావు నాయనా, పుణ్యం ఉంటుంది అని దీవించింది. లియోంగ్ గారు మాత్రం చాలా మెల్లగా మాట్లాడారు.

పిల్లలూ, నా దగ్గర నేర్చుకోదగ్గది ఒక్కటుంటే ఇదే. ముందు మీరు చూడండి, మొత్తం చూడండి. ఈ మాట చెప్పే అర్హత నాకెంత ఉందో కింద రాస్తున్నాను.

రేవతి పిలుపు

రిటైరయ్యాక గుడికి వెళ్ళడం, మార్కెట్‌కి వెళ్ళడం, టీవీ కోసం మా ఆవిడతో పోట్లాడటం తప్ప నాకు పనిలేదు. ఒకరోజు రేవతి వచ్చింది. అది డాక్యుమెంటరీలు తీస్తుంది. స్నేహితులతో కలిసి ఏటా ఒక చిన్న పండగ చేస్తుంది. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళతో కాపురం చేసే ఆడవాళ్ళు, మగపిల్లాడని పేరు పెట్టినా ఆడదానిగా బతికేవాళ్ళు, వాళ్ళందరి జీవితాల మీద తీసిన నిజం సినిమాలు. ప్రొజెక్టర్ చూసుకునే మనిషి రానన్నాడట. దానికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడటం అంతంతమాత్రం. "తాతా, నువ్వు రావాలి లా. నీకు భయమా?" అంది, ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర ‘లా’ తగిలించి.

భయం కాదు గాని బెరుకు ఉంది. దాచను. థియేటర్ రోజుల్లో ఇద్దరు మగవాళ్ళు ప్రతి శనివారం మధ్యాహ్నం ఆటకి వచ్చి వెనక వరసలో ఒకే మూల కూర్చునేవారు. ఏళ్ళ తరబడి చూశాను. తెలుసు, తెలియనట్టు ఉన్నాను. అదే మర్యాద అనుకున్నాను. ఇప్పుడు మనవరాలు ముందు నిలబడి అడిగేసరికి తెలియనట్టు ఉండటం కుదరలేదు.

సరేనన్నాను. పండగ ఒక పాత దుకాణం మీద మేడలో. పోస్టర్లు ఉండవు, తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళని తీసుకొస్తారు. పగలే ఆట, కిటికీలకి నల్లగుడ్డలు. యాభై మడత కుర్చీలు వేస్తే డెబ్భై మంది వచ్చారు. ఫలహారాల బల్ల దగ్గర చీరకట్టుకున్న ఒక పొడుగాటి మనిషి, అందరూ ఆంటీ అంటున్నారు, వచ్చినవాళ్ళని వచ్చినట్టు నిలేసి కర్రీపఫ్ చేతిలో పెడుతోంది. వద్దంటే ఊరుకోదు. నాకు రెండు పెట్టింది. ఎస్టేట్ పాడంగ్ తర్వాత జనం అంత సంబరంగా సినిమాకి రావడం నేను మళ్ళీ అక్కడే చూశాను.

డాక్యుమెంటరీ అంటే నిద్రమాత్ర అనుకునేవాణ్ణి. మొదటి మూడూ వేశాను. ఒకటి మలాయ్ భాషలో, ఒకటి చైనావాళ్ళది, ఒకటి ఇంగ్లీషులో. ఒకదాంట్లో, ఇపోలోనే ఊరందరి పెళ్ళిబట్టలు కుట్టిన ఒక ముసలి దర్జీ, తనూ తన స్నేహితుడూ ఒకే గదిలో ఎన్నేళ్ళున్నారో వేళ్ళ మీద లెక్కపెడుతూ, వేళ్ళు చాలక స్నేహితుడి చెయ్యి లాక్కుంటాడు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ పొద్దుట నా బెరుకు ఎక్కడికి పోయిందో తెలియదు.

పైడమ్మ, సెల్వి

నాలుగోది రేవతి తీసింది. అందులో ఉన్న ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. పైడమ్మ మన మనిషి, హుటాన్ మెలింటాంగ్ పక్క ఎస్టేట్లో పుట్టింది. సెల్వి తమిళావిడ. ఇద్దరికీ అరవై దాటాయి. ఏటి మొగలో పడవలవాళ్ళకి వలలు బాగుచేస్తారు, ఎండుచేపలు అమ్ముతారు. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే ఇంట్లో ఉన్నారు. ఊళ్ళో అడిగినవాళ్ళకి అక్కాచెల్లెళ్ళమని చెబుతారు, ఊరు నమ్మినట్టు నటిస్తుంది.

రేవతి రెండేళ్ళు బస్సెక్కి వాళ్ళింటికి తిరిగి ఆ సినిమా తీసింది. సెల్వి ఎప్పుడో సరేనంది. పైడమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. ఒక్కసారి, తను కూర్చుని ఉండగా, ఇలాంటి జనం మధ్య వెయ్యాలి. చివర తను ఉంచమంటే ఉంచాలి, వద్దంటే తన కళ్ళముందే చెరిపెయ్యాలి. రేవతి మాటిచ్చింది.

సినిమా నాకు మధ్యాహ్నమే ఇచ్చింది. మొత్తం చూసుకోవడానికి టైముంది. అయితే అప్పుడే ఆంటీ అరిటాకులో కట్టిన నాసి లెమాక్, అదే కొబ్బరిపాల అన్నం, పంచుతోంది, దాని మీది మిరపకాయ సంబల్ వాసన మేడంతా నిండిపోయింది. లియోంగ్ గారి నియమం పక్కన పెట్టి నేను అన్నం వైపు వెళ్ళాను.

పది లెక్కపెట్టడం

సినిమా పడవ ఇంజను చప్పుడుతో మొదలైంది. తెర మీద పైడమ్మ వల ముందు వేసుకుని, కెమెరా వైపు చూడకుండా, "ఏటి తీస్తన్నావమ్మా, సేపల కంపు కూడా వస్తాదేటి అందులో?" అంది. కింద ఇంగ్లీషు అక్షరాలు చదివి హాలు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నలభై ఏళ్ళు తెలుగు సినిమాలు వేశాను గాని మా అమ్మ మాట్లాడిన తెలుగు తెర మీద వినడం అదే మొదటిసారి.

తర్వాత వాళ్ళింటి గుమ్మం. సెల్వి మెట్టు మీద కూర్చుంది. పైడమ్మ వెనక కూర్చుని ఆవిడ తలకి కొబ్బరినూనె రాస్తోంది, చిక్కు తీస్తోంది. అంతా అయ్యాక ఆ తల మీద తన చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

నా చెయ్యి లేచింది. అయిదు వేళ్ళూ కలిపి, వెలుతురు కారకుండా, లెన్సుకి తగలకుండా. తెర నల్లబడింది. మాట నడుస్తూనే ఉంది. చాలు, నూనె కంట్లోకి కారుతోంది అని సెల్వి తమిళంలో విసుక్కోవడం ఆ చీకట్లో వినిపించింది. ఎవరూ నవ్వలేదు. చీకట్లో వింటే ఏ మాటైనా చెయ్యకూడని పని చేస్తున్నట్టే ఉంటుంది. నేను పది లెక్కపెట్టి చెయ్యి తీశాను. అప్పటికి గుమ్మం పోయి ఏరు వచ్చేసింది.

సినిమా అయ్యాక చప్పట్లు ఒక్కటీ పడలేదు. అందరూ పైడమ్మ వైపు చూస్తున్నారు. ఆవిడ పమిట భుజం మీదికి లాక్కుని కూర్చుంది. రేవతి నా వైపు తిరిగి, మిషన్‌కి ఏమైనా అయిందా తాతా అని అడిగింది. అవును, బల్బు అంటే సరిపోయేది. డెబ్భై మందీ నమ్మేవారు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

పైడమ్మే ముందు మాట్లాడింది. "మిషను కాదమ్మా. అది సెయ్యి. ఎస్టేట్లో సిన్నప్పుడు సూసినాను, నానెరుగుదును."

నేను బల్ల వెనకనుంచి లేచి ముందుకు నడిచాను. ఆపరేటర్ జనం ముందుకి రావడం మా వృత్తిలో లేదు. వాళ్ళిద్దరి ముందు నిలబడి, అది నా చెయ్యే సెల్లెమ్మా, అలవాటులో లేచిపోయిందని చెప్పాను.

సెల్వి నన్ను కాసేపు పరకాయించింది. ఆవిడకి తెలుగు బాగానే వచ్చు. "తలకి నూనె రాస్తే కూడా అడ్డం పెడతారా అన్నా?" అని అడిగింది.

పెట్టను. ఎస్టేట్లలో తలకి నూనె రాసే చోట ఏ కిరాణీ నా భుజం తట్టలేదు. తల్లి కూతురికి రాసినా, అక్క చెల్లెలికి రాసినా అలాంటి సీన్లు వందసార్లు వేశాను, చెయ్యి కదల్లేదు. మరి అలవాటు అని ఎలా అంటాను? ఆ పొద్దుటినుంచీ మూడు సినిమాలు వేశాను. దర్జీ స్నేహితుడి చెయ్యి పట్టుకుంటే నవ్వాను. పరాయివాళ్ళ బొమ్మకి లేవని చెయ్యి మనవాళ్ళ బొమ్మకి లేచింది. ఆ తెలుగు విన్నాక వాళ్ళు నా ఇంటివాళ్ళయిపోయారు, ఇంటివాళ్ళయ్యారు గనక దాచాలనిపించింది. ఇది అక్కడ నిలబడి ఉండగానే నాకు తెలిసింది, ఒళ్ళంతా సిగ్గేసింది. కాగితం మీద ఇంత పొడుగ్గా రాశాను గాని అప్పుడు నోటికి వచ్చింది చిన్న మాటే. "మన బాస ఇన్నాను సెల్లెమ్మా. మనోల్లని సిగ్గుపడ్డాను. తప్పు సేసినాను."

రేవతి గోడకి ఆనుకుని ఉంది. దాని మొహం చూడలేకపోయాను. రెండేళ్ళ పని, నా పది లెక్కల్లో పోయిందనుకున్నాను.

పైడమ్మ ఒక పాత సినిమా సంగతి ఎత్తింది. తనకి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు ఎస్టేట్‌కి వ్యాను వచ్చిందట. మంచి పట్టులో ఉండగా తెర నల్లబడింది, మళ్ళీ వెలిగేసరికి కథానాయిక ఏడుస్తోంది. ఏమైందని ఇంటికి వెళ్ళేదాకా తల్లిని అడిగిందట. తల్లి చెప్పలేదు, చివరికి ఒకటి తగిలించింది. "ఆ పిల్ల ఎందుకేడ్సిందో నాకిప్పటికీ తెలవదు. ఆ సెయ్యీ నీదేనేటి అన్నా?"

ఆ రోజుల్లో నేనింకా పనిలో చేరలేదు. అది సన్యాసయ్య మావయ్య చెయ్యి అయుంటుందని చెప్పాను. ఇంటిల్లిపాదికీ ఇదే పనా అంది ఆవిడ. రేవతి అది ఇంగ్లీషులో చెప్పేసరికి హాలు గొల్లుమంది. పైడమ్మ కూడా నవ్వింది. నవ్వి, కుర్చీలో సర్దుకుని, "మల్లీ ఎయ్యి. మొదట్నించీ" అంది.

రెండో ఆట

ఆ తర్వాత ఇంకో సినిమా ఉంది, దానివాళ్ళు ఆగుతామన్నారు. ఒక్కరూ వెళ్ళలేదు. ఆంటీ మురుకుల డబ్బా తెచ్చి వరసల్లో తిప్పింది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడ్డాను. నామీద నాకు అంత నమ్మకం.

పడవ ఇంజను మొదలవగానే పైడమ్మ లేచింది. వెళ్ళిపోతోందనుకున్నాను. వెళ్ళలేదు. కుర్చీని పక్కకి తిప్పి మళ్ళీ కూర్చుంది, తెర ఒక భుజం వైపూ జనం ఒక భుజం వైపూ ఉండేలా. చేపల కంపు మాట వచ్చింది, రెండోసారి కూడా నవ్వారు. ఆవిడ నవ్వుతున్నవాళ్ళని చూసింది. వల అల్లడం వచ్చింది, ఎండలో చేపలు తిరగేయడం వచ్చింది. ఆవిడ ఒక్కొక్క వరసా చూస్తోంది.

గుమ్మం వచ్చింది. నూనె, దువ్వెన, చిక్కు. తెర మీది పైడమ్మ చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. నేను తెర వదిలేసి ఈ పైడమ్మని చూస్తున్నాను. ఆవిడ జనాన్ని చూస్తోంది. ఎవరు తల తిప్పుకుంటారా అని వెతుకుతోందని అప్పుడు నాకు అర్థమైంది. మూడో వరసలో ఇద్దరు కుర్రాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు వాలారు. దర్జీ వచ్చి ఉన్నాడు, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, ఏదీ పోకూడదన్నట్టు. ఆంటీ మురుకు సగం కొరికి అలాగే ఉండిపోయింది. సెల్వి నూనె కంట్లోకి కారుతోందని విసుక్కునేసరికి డెబ్భై మందీ ఒక్కసారి నవ్వారు. వెలుతుర్లో అది మంచి హాస్యం. ముందు వరసలో సెల్వి, తన విసుగుకి తనే అందరికంటే గట్టిగా నవ్వింది. తల తిప్పుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

లైట్లు వేశాక చప్పట్లు చాలాసేపు పడ్డాయి. రేవతి వచ్చి పైడమ్మ ముందు గొంతుక్కూర్చుంది. దానికున్న తెలుగంతా కూడగట్టుకుని, బాగుందా అమ్మమ్మా, ఉంచనా అని అడిగింది.

"బొమ్మ నానెక్కడ సూసినాను? ఈల్లందర్నీ సూసినాను" అంది పైడమ్మ. "ఉంచు."

రేవతి ఏడ్చింది. సెల్వి దాని తల నిమిరి, ఎండుచేపల పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. పైడమ్మకి అంతలోనే ఇంకో షరతు గుర్తొచ్చింది. ఫోన్లలో పెట్టకూడదు, ఎక్కడ వేసినా తామిద్దరూ ఆ గదిలో ఉండాలి. ఎలా వస్తారమ్మా అంటే నా వైపు చూపించింది. తప్పు చేసినవాడికి కారుందా లేదా అని అడిగింది. ఉందన్నాను.

అప్పటినుంచి కువాలా సెలంగోర్‌లో ఒకరింటి హాల్లో, క్లాంగ్‌లో రెండుసార్లు, ఇపోలో ఇంకోసారి వేశాం. నేను వెళ్ళి వాళ్ళని ఎక్కించుకుని వస్తాను. తెర మీద ఎవరు లావుగా ఉన్నారన్న తగువు వెనక సీట్లో మొదలైతే దిగేదాకా తెగదు. కారు ఎండుచేపల వాసన వేస్తోందని మా ఆవిడ ఎక్కడం మానేసింది, మొన్న క్లాంగ్ ఆటకి మాత్రం ముక్కు మూసుకుని ఎక్కింది. ఆ సినిమాలో ప్రతి మాటా నాకిప్పుడు కంఠతా వచ్చు. పైడమ్మ ఇంకా పూర్తిగా చూడలేదు. ప్రతి ఊళ్ళోనూ వెళ్ళగానే కుర్చీ పక్కకి తిప్పుకుంటుంది.